జనవరి ఒకటిన మాత్రల మీద ఒట్టు

కొత్త ఏడాదికి సిగరెట్టు మానేస్తానని ఒట్టు పెట్టుకుంటే ఎవరికీ అభ్యంతరం ఉండదు. ‘‘ఒకటో తారీకు నుంచి ఆ సైకియాట్రీ మాత్రలు బంద్‌’’ అనే ఒట్టుతోనే చిక్కు. డిప్రెషన్‌కో బైపోలార్‌కో మందు వాడి కాస్త కుదుటపడ్డ మనిషి ఈ మాట అంటాడు. ‘‘అవునురా, ఇంకెన్నాళ్లు మింగుతావు?’’ అని ఇంట్లోవాళ్లు వంత పాడతారు. అనేవాళ్లు ఏళ్ల తరబడి పరగడుపున థైరాయిడ్‌ మాత్ర వేసుకుంటున్నవాళ్లే కావచ్చు, అది వేరే సంగతి. వీటన్నిటికీ మూలం ఒకటే వదంతి: అవన్నీ మత్తుమాత్రలు, అలవాటైతే జన్మంతా వదలవు, ఎంత తొందరగా తెంచుకుంటే అంత మేలు. ఈ దేశంలో మానసిక జబ్బులున్నవాళ్లలో 70 నుంచి 92 శాతం దాకా (జబ్బును బట్టి) చికిత్సే అందడం లేదని 2015–16 జాతీయ సర్వే తేల్చింది. అందిన ఆ కొద్దిమంది చేతా మందు పారేయిస్తోంది ఈ వదంతి.

మత్తుకు అలవాటు పడటమంటే ఏమిటో అందరికీ తెలుసు. వేసుకున్న కాసేపటికే హాయి, రోజురోజుకూ మోతాదు పెరగడం, దొరక్కపోతే ఊరంతా వెతకడం. సెర్ట్రలిన్‌, ఎసిటలోప్రామ్‌, ఫ్లూఆక్సెటిన్‌ లాంటి డిప్రెషన్‌ మందుల్లో ఈ లక్షణాలు కనిపించవు. మొదటి వారం వీటివల్ల కలిగేది హాయి కాదు, వికారం లాంటి ఇబ్బందులే. గుణం కనిపించడానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. నెల తర్వాత ఎక్కే మత్తు ఎక్కడైనా ఉందా? ‘‘మరి మానేస్తే తల తిరుగుతోంది, నెత్తిలో కరెంటు కొట్టినట్టు ఉంటోంది, చిరాకేస్తోంది’’ అంటారు. ఆ బాధ నిజమే, కొందరిలో అది గట్టిగానే ఉంటుంది. శరీరం ఒక మందుకు సర్దుకున్నాక దాన్ని హఠాత్తుగా లాగేస్తే జరిగేది అదే. బీపీకి వాడే క్లోనిడిన్‌ ఉన్నట్టుండి ఆపితే బీపీ ఎగదన్నుతుంది, అయినా దాన్ని ఎవరూ మత్తుమందు అనరు. అసలు ప్రమాదం మాత్రం ఈ తలతిరుగుడు కాదు. జబ్బు తిరగబెట్టేది తీరిగ్గా, వారాలూ నెలలూ గడిచాక. అందుకే జనవరిలో మానేసినవాడు సంక్రాంతికి నవ్వుతూ తిరుగుతూ ‘చూశారా, నాకేమీ కాలేదు’ అంటాడు. ఉగాదికి తలుపు వేసుకుని మంచం దిగకపోతే, ఆ రెండింటికీ ఉన్న సంబంధం ఇంట్లో ఎవరికీ తట్టదు.

ఇది బెదిరింపు కాదని చెప్పడానికి లెక్కలున్నాయి. 2003లో ‘లాన్సెట్‌’లో వచ్చిన సమీక్ష 31 పరీక్షల్లోని 4,410 మంది వివరాలు కూర్చి చూసింది. మందు కొనసాగించినవాళ్లలో నూటికి 18 మందికి డిప్రెషన్‌ తిరగబెడితే, మందు బదులు ఉత్తుత్తి మాత్ర ఇచ్చినవాళ్లలో 41 మందికి తిరగబెట్టింది. బ్రిటన్‌లో ఏళ్లుగా మందు వాడుతూ, ఇక మానొచ్చనుకున్న 478 మందితో చేసిన పరీక్ష ఫలితాలు 2021లో వచ్చాయి. పర్యవేక్షణలో మెల్లగా తగ్గించి ఆపినా ఏడాదిలో నూటికి 56 మందికి జబ్బు తిరిగొచ్చింది. కొనసాగించినవాళ్లలో అది 39. దీన్నే తిరగేసి చదివితే, మానినవాళ్లలో 44 మంది ఆ ఏడాది బాగానే ఉన్నారు. కాబట్టి ‘జన్మంతా వదలవు’ అన్న మాటా అబద్ధమే. మొదటిసారి డిప్రెషన్‌ వచ్చినవాళ్లు తేరుకున్నాక కనీసం ఆరు నెలలు వాడి, ఆ పైన డోసు తగ్గించుకుంటూ మానడం మామూలే. బైపోలార్‌కు వాడే లిథియం సంగతి వేరు. దాన్ని చటుక్కున ఆపడమంటే ఉన్మాదాన్ని పిలిచి పీట వేయడమే.

ఇక్కడ ఒకటి ఒప్పుకోక తప్పదు. ఆల్ప్రజోలామ్‌, క్లోనజెపామ్‌, డయాజెపామ్‌ నిజంగానే అలవాటవుతాయి, అదీ కొద్ది వారాల్లోనే. తెలంగాణలో కల్తీ కల్లులో ఈ జాతి మందులు కలుపుతుంటారు. 2020 లాక్‌డౌన్‌లో కల్లు, మద్యం దొరక్క వణుకుతూ, ఫిట్స్‌తో ఎర్రగడ్డ మానసిక ఆస్పత్రికి జనం వరస కట్టారు. చూడండి, వీటిని కూడా ఒకటో తారీకున ఒక్కసారిగా ఆపితే వచ్చేది ఆ ఫిట్సే. చిక్కేమిటంటే మొదటి చీటీలో డాక్టరు తరచూ రెండు రకాలూ రాస్తారు: నిదానంగా పనిచేసేది ఒకటి, ఆ రాత్రికే నిద్రపట్టించేది మరొకటి. మన వదంతి పుణ్యమా అని జనం పారేసేది మొదటిదాన్ని. రెండోది ‘బాగా పనిచేస్తోంది’ కదా, పాత చీటీ పట్టుకెళ్లి మందుల షాపులో మళ్లీ మళ్లీ తెచ్చుకుంటారు. చీటీ లేకుండా అమ్మకూడదని, అమ్మితే రిజిస్టరులో రాయాలని నిబంధన ఉంది. ఉంటే ఏం?

మాత్రల చుట్టూనే కాదు, మానసిక జబ్బుల చుట్టూ వదంతులు ఇంకా ఉన్నాయి. పెళ్లి చేస్తే జబ్బు కుదురుతుందనేవాళ్లకు జవాబు చెప్పడం కూడా దండగ. ‘చచ్చిపోవాలనిపిస్తోందా?’ అని అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నదీ వదంతే, అడగండి. కొత్త ఏడాదికి ఒట్టు పెట్టుకోవాలనే ఉంటే డాక్టరు దగ్గరికి వెళ్తానని పెట్టుకోండి. ఇంట్లో ఉన్న స్ట్రిప్పులన్నీ ఒక కవర్లో వేసుకెళ్లి ముందు పెట్టండి. వీటిలో అలవాటయ్యేది ఏది, ఏది ఎన్నాళ్లు వాడాలి, ఎలా తగ్గించాలి అని అడిగి చీటీ మీదే రాయించుకోండి. డాక్టరు దగ్గరికి వెళ్లే వీల్లేకపోతే టెలిమానస్‌ హెల్ప్‌లైన్‌ ఉంది. నంబరు 14416, రాత్రీ పగలూ తెలుగులో మాట్లాడతారు, పైసా ఖర్చు లేదు.