కత్తి పట్టిన పునీతుడు

ఫిబ్రవరిలో బల్గేరియా ద్రాక్షతోటలు ఆకు రాలిపోయి ఎండుపుల్లల్లా నిలబడి ఉంటాయి. ఆ చలిలోనే అక్కడి రైతులు ట్రిఫాన్ జరెజాన్ పండుగ చేసుకుంటారు. పొద్దున్నే ఆడవాళ్లు రొట్టె కాల్చి, కోడిలో బియ్యమో గోధుమరవ్వో కూరి వండి, ఉన్నిసంచిలో పెట్టి, చెక్క కుప్పె నిండా ఎర్ర వైన్‌తో మగవాళ్లను తోటకు పంపుతారు. అక్కడ మూడు తీగల నుంచి మూడేసి కొమ్మలు కత్తిరించి, కోసినచోట వైన్, పవిత్రజలం, క్రిస్మస్ ముందురాత్రి పొయ్యిలోంచి దాచిన బూడిద చల్లుతారు. ఆ కొమ్మలతోనే కిరీటం అల్లి ఒకరిని ద్రాక్షల రాజుగా ఎన్నుకుని, బండి మీదో భుజాల మీదో ఊరేగించి ఇంటికి తెస్తారు. రాజయ్యేవాడు సాధారణంగా కాస్త కలిగినవాడే, ఎందుకంటే వచ్చినవాళ్లందరికీ విందు పెట్టాల్సింది అతనే.

వైన్, రాజు, ఊరేగింపు కనిపించగానే చాలామందికి డయొనైసస్ గుర్తుకొస్తాడు. నేటి బల్గేరియా ఒకప్పటి థ్రేసియన్ల నేల. ఆ మద్యదేవుడి ఆరాధన అక్కడ బలంగా సాగింది. కాబట్టి ఈ పండుగ ఆనాటి పూజకు మిగిలిన రూపమేనని వాదిస్తారు. ఆ పోలికను తీసిపారేయలేం. కానీ థ్రేసియన్ల కాలానికీ మనకు తెలిసిన ఈ పండుగకూ మధ్య వెయ్యేళ్లకు పైగా ఎడం ఉంది. స్లావులు వచ్చారు, 9వ శతాబ్దంలో మొదటి బోరిస్ పాలనలో క్రైస్తవం వచ్చింది, తర్వాత అట్టోమన్ల ఏలుబడి శతాబ్దాలు సాగింది. పోలిక ఒక్కటే పట్టుకుని ఇంత దూరం దాటలేం. పైగా ఈ పండుగకు నడుమ ఉన్నది తాగుడు కాదు, కత్తి. జరెజాన్ అన్న మాటే కత్తిరింపు నుంచి వచ్చింది.

పండుగకు పేరిచ్చిన పునీతుడు ట్రిఫాన్ కథ చూస్తే ఇది ఇంకా తేటపడుతుంది. చర్చి చెప్పే ట్రిఫాన్ ఫ్రిజియాలో బాతులు కాసిన పిల్లవాడు, రోమన్ చక్రవర్తి డీసియస్ కాలంలో 3వ శతాబ్దంలో ప్రాణం అర్పించినవాడు. ఆ కథలో ద్రాక్షతోటే లేదు. జనం చెప్పుకునే ట్రిఫాన్ వేరు. మరియమాత నలభై రోజుల బిడ్డను ఎత్తుకుని గుడికి వెళుతుంటే తోటలో పని చేస్తున్న అతను ఎగతాళి చేశాడట. నీ మొగుడు ముక్కు కోసుకున్నాడని ఆమె అతని భార్యకు చెప్పింది. భార్య పరుగున వచ్చింది. "నేనెందుకు కోసుకుంటాను, ఇలా కోస్తేనా?" అంటూ కత్తిని కిందినుంచి పైకి ఎత్తి చూపబోయి నిజంగానే ముక్కు తెగ్గోసుకున్నాడు. పదునైన కత్తితో పనిచేస్తూ పరధ్యానంగా ఉంటే ఏమవుతుందో తెలిసినవాళ్లు అల్లిన కథ ఇది. పని ముందు నుంచీ ఉంది, దానికి పునీతుణ్ని తర్వాత వెతుక్కున్నారు అనిపిస్తుంది నాకు.

మూడు తీగలు కోస్తే తోట పని అయిపోతుందా, ఇది తంతే కదా అని అడగవచ్చు. తంతే. అయితే అది పనికి శ్రీకారం చుట్టే తంతు, అసలు కత్తిరింపు తర్వాతి వారాల్లో సాగుతుంది. చలిదేశంలో ద్రాక్ష శీతాకాలమంతా నిద్రపోతుంది. రసం పైకి పాకకముందే పాత కొమ్మలు తీసేయాలి, లేకపోతే కోసినచోటల్లా నీరు కారుతుంది. (హైదరాబాద్ చుట్టుపక్కల ద్రాక్షకు అలాంటి నిద్ర లేదు, అందుకే ఇక్కడ ఏడాదికి రెండు కత్తిరింపులు.) ఆ రోజుల్లో కోత ఎంత బరువైన విషయమో ఆడవాళ్ల నియమమూ చెబుతుంది: ఫిబ్రవరి తొలి మూడు రోజులు కత్తెర ముట్టరు. కత్తెర తెరుచుకుంటే తోడేలు నోరు తెరుచుకుంటుందని నమ్మకం.

పండుగకు మూలం తోట పనే అనడానికి తేదీ గొడవ కూడా సాక్ష్యం. బల్గేరియా ప్రభుత్వం 1916లో కొత్త క్యాలెండర్‌కు మారినప్పుడు పాత ఫిబ్రవరి 1 కాస్తా 14 అయింది. 1968లో చర్చి కూడా మారి పండుగను మళ్లీ 1వ తేదీకి తెచ్చింది. పదమూడు రోజులు ముందుకు జరిగితే తోటలో ఇంకా మంచే ఉండవచ్చు. చర్చిలో ట్రిఫాన్ ఆరాధన ఇప్పుడు ఫిబ్రవరి 1న జరుగుతుంది. చాలా ఊళ్లలో జనం కత్తి పట్టుకుని తోటకు వెళ్లేది మాత్రం ఇప్పటికీ 14నే.