వంగని నడుము, తూలే అడుగు: నల్లగొండ, పాలమూరు వృద్ధుల నేపథ్యంలో వ్యాయామశాస్త్రం

వ్యాస సంగ్రహం: వృద్ధుల శారీరక సామర్థ్యాన్ని కొలవడానికీ పెంచడానికీ వ్యాయామశాస్త్రం రూపొందించిన పద్ధతులు గత మూడు దశాబ్దాల్లో స్థిరపడ్డాయి. ఎముకల ఫ్లోరోసిస్‌ను అనుభవిస్తున్న నల్లగొండ పల్లెల్లోనూ, జీవితమంతా వలస కూలి చేసిన పాలమూరు పల్లెల్లోనూ వాటిని ఉన్నవి ఉన్నట్లు వర్తింపజేస్తే ఫలితాలను తప్పుగా చదివే ప్రమాదం ఉంది. ఆ ప్రమాదం ఎక్కడ ఎదురవుతుందో, ఏ పద్ధతులు నిలుస్తాయో ఈ వ్యాసం వివరిస్తుంది.

కీలక పదాలు: ఫ్లోరోసిస్, వృద్ధాప్యం, వ్యాయామం, శారీరక శ్రమ, నల్లగొండ, పాలమూరు, పరిభాష.

ఒకే కదలిక, రెండు పరీక్షలు

ఫ్లోరైడ్ పీడిత గ్రామాల్లో ఎక్స్‌రే అవసరం లేకుండానే ఆరోగ్య సిబ్బంది మూడు పనులు చేయించి చూస్తారు. నేల మీద నాణెం వేసి మోకాళ్లు వంచకుండా తీయమంటారు. గడ్డాన్ని ఛాతీకి ఆనించమంటారు. చేతులను రెండు పక్కలకూ చాచి, మోచేతుల వద్ద మడిచి, తల వెనుక భాగాన్ని తాకమంటారు. 2008-09లో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించిన జాతీయ ఫ్లోరోసిస్ నివారణ, నియంత్రణ కార్యక్రమంలో ప్రాథమిక గుర్తింపునకు ఈ పరీక్షలే ఆధారం. ఈ మూడూ చేయలేని వ్యక్తిని ఫ్లోరోసిస్ అనుమానితుడిగా నమోదు చేసి, తాగునీటినీ మూత్రాన్నీ పరీక్షకు పంపుతారు.

వ్యాయామశాస్త్రంలో వీటికి చాలా దగ్గరగా ఉండే పరీక్షలు వేరే ప్రయోజనం కోసం పుట్టాయి. కాలిఫోర్నియాకు చెందిన రాబర్టా రిక్లీ, జెస్సీ జోన్స్ 1999లో వృద్ధుల దేహ సామర్థ్య పరీక్షల సముదాయాన్ని ప్రకటించారు. కుర్చీ అంచున కూర్చొని ఒక కాలు చాచి, వేళ్లతో కాలి బొటనవేలిని అందుకోవాలి. ఒక చేతిని భుజం మీదుగా, మరొక చేతిని నడుము వైపు నుంచి వీపు మీదికి తెచ్చి, రెండు మధ్యవేళ్ల నడుమ ఎంత దూరం మిగిలిందో కొలవాలి. 30 సెకన్లలో కుర్చీ నుంచి ఎన్నిసార్లు లేవగలరో లెక్కించాలి. 60 నుంచి 94 ఏళ్ల మధ్య వయసున్న 7 వేలకు పైగా అమెరికన్ వృద్ధులను పరీక్షించి వయసువారీ ప్రమాణాలను తయారుచేశారు. ఇవి ఖర్చు లేనివి, సులభమైనవి. అందువల్లనే ప్రపంచమంతటా వ్యాపించాయి.

ఇప్పుడు ఒకే దేహాన్ని ఈ రెండు చూపులతో చూడాలి. చేయి తల వెనక్కు చేరలేదు, నడుము ముందుకు వంగలేదు. మొదటి పరీక్ష దృష్టిలో అది వ్యాధి లక్షణం. రెండవ పరీక్ష దృష్టిలో అది సాధన కొరవడటం వల్ల కలిగిన బిగుతు, క్రమంగా సాగదీస్తే తగ్గేది. పరీక్ష ఎవరు చేస్తున్నారన్న దానిని బట్టి రోగికి దక్కే సలహా పూర్తిగా మారిపోతుంది. మర్రిగూడ, మునుగోడు, చండూరు, నాంపల్లి వంటి మండలాల్లో ఇది పుస్తకాల్లోని చర్చ కాదు. అక్కడ ఒక వృద్ధుడిని రోజూ వంగి వేళ్లు అందుకోమని చెప్పడం మేలుచేస్తుందా, హానిచేస్తుందా అన్నది దీని మీదనే ఆధారపడి ఉంది.

నీరు మారింది, ఎముక మారలేదు

ఈ ప్రాంతపు గ్రానైట్, నైస్ శిలల్లో ఫ్లోరైడ్ గల ఖనిజాలున్నాయి. క్షారగుణం ఎక్కువగా, కాల్షియం తక్కువగా ఉన్న భూగర్భజలం వాటి నుంచి ఫ్లోరైడ్‌ను సులువుగా కరిగించుకుంటుంది. చెరువులు ఎండి, చేదబావులు అడుగంటి, బోర్లు లోతుకు దిగినకొద్దీ సమస్య తీవ్రమైంది. తాగునీటిలో లీటరుకు 1.5 మి.గ్రా. దాటకూడదన్నది ప్రపంచ ఆరోగ్య సంస్థ నిర్దేశం. నల్లగొండలో అనేక గ్రామాల నీరు ఆ గీతను ఎంతో దాటింది.

తెలుగు నేల మీద ఈ వ్యాధి మొదట నెల్లూరు ప్రాంతం నుంచి 1937లో వైద్య సాహిత్యానికెక్కింది. నల్లగొండ జిల్లా ఫ్లోరోసిస్‌పై సిద్దిఖీ రాసిన వ్యాసం 1955లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువడింది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థకు చెందిన కృష్ణమాచారి, కమలా కృష్ణస్వామి 1973లో లాన్సెట్ పత్రికలో మరొక రూపాన్ని వివరించారు: కౌమారంలో ఉన్నవారికి మోకాళ్లు లోపలికి ఒరుసుకునేలా కాళ్లు వంకరపోవడం. నీటిలోని ఫ్లోరైడ్‌ను పటిక, సున్నంతో తొలగించే విధానాన్ని నాగపూర్‌లోని పర్యావరణ పరిశోధన సంస్థ అదే దశకంలో రూపొందించి దానికి ఈ జిల్లా పేరే పెట్టింది. ‘నల్లగొండ పద్ధతి’ అన్న మాట ఆఫ్రికా దేశాల నీటి ఇంజనీర్లకు కూడా పరిచితం. జిల్లాకు దక్కిన కీర్తుల్లో ఇది కొంచెం చేదైనది.

2015లో చౌటుప్పల్ వద్ద పైలాన్ ఆవిష్కరణతో మిషన్ భగీరథకు శ్రీకారం చుట్టాక కృష్ణా జలాలు ఇంటింటి నల్లాకూ చేరాయి. అంతకుముందే కొన్ని గ్రామాలకు అవి అంది ఉన్నాయి. ఈనాటి పిల్లల పళ్ల మీద ఆ మార్పును చూడవచ్చు. వృద్ధుల సంగతి వేరు. ఎముకలో చేరిన ఫ్లోరైడ్ తాగునీరు మారాక కూడా ఏళ్ల తరబడి మెల్లగానే బయటికి పోతుంది. కీళ్ల చుట్టూ, వెన్నుపూసల నడుమ ఎముకగా మారిన స్నాయువులు తిరిగి మెత్తబడవు. 1973 నాటి ఆ వ్యాసకాలంలో 15 ఏళ్లున్నవారు ఇప్పుడు 65 దాటారు. వ్యాయామశాస్త్రం ‘వృద్ధులు’ అని పిలిచే వయోవర్గంలోకి వారు సరిగ్గా ఇప్పుడే ప్రవేశిస్తున్నారు.

గట్టి ఎముక, పెళుసు ఎముక

వృద్ధుల వ్యాయామం గురించిన చర్చలో ఎముక సాంద్రతది ప్రధాన స్థానం. సాంద్రత తగ్గితే ఎముక విరుగుతుంది, బరువులతో చేసే వ్యాయామం ఆ తరుగుదలను నెమ్మదింపజేస్తుంది అన్నది అందరూ అంగీకరించిన విషయం. ఫ్లోరోసిస్ ఈ లెక్కను తలకిందులు చేస్తుంది. ఫ్లోరైడ్ చేరిన వెన్నెముక ఎక్స్‌రేలో సున్నంలా తెల్లగా, దట్టంగా కనిపిస్తుంది. చూపునకు అది బలమే.

ఆ బలం ఎంత నమ్మదగినదో తెలిపే ఆధారం అనుకోని చోటు నుంచి వచ్చింది. బహిష్టులు ఆగిన తర్వాత ఎముకలు గుల్లబారిన స్త్రీలకు ఫ్లోరైడ్‌ను మందుగా ఇచ్చి చూసిన అధ్యయనాన్ని అమెరికాలోని మేయో క్లినిక్‌కు చెందిన రిగ్స్ బృందం 1990లో ప్రచురించింది. 202 మంది స్త్రీలలో కొందరికి రోజుకు 75 మి.గ్రా. సోడియం ఫ్లోరైడ్‌ను నాలుగేళ్లు ఇచ్చారు. నడుము భాగపు వెన్నెముక సాంద్రత 35 శాతం పెరిగింది. వెన్నుపూసలు విరగడం మాత్రం చెప్పుకోదగినంతగా తగ్గలేదు, పైగా చేతులు, కాళ్లు, తుంటి వంటి ఇతర ఎముకలు విరిగిన సంఘటనలు మందు తీసుకున్నవారిలోనే ఎక్కువయ్యాయి. సాంద్రత వేరు, దృఢత్వం వేరు అని వైద్యలోకం ఈ ప్రయోగంతో స్పష్టంగా గ్రహించింది. నల్లగొండ పల్లెల్లో మందు రూపంలో కాదు, బిందె రూపంలో ఈ ప్రయోగం తరాల పాటు సాగింది.

అందువల్ల గట్టిపడిన వెన్నును బలవంతాన వంచే భంగిమలు, మరొకరు వీపు మీద ఒత్తిడి పెట్టి చేయించే సాగదీతలు ఈ దేహాలకు తగవు. యోగా శిబిరాల్లో ముందుకు వంగే ఆసనాలతో కార్యక్రమాన్ని ఆరంభించే అలవాటును కూడా ఇక్కడ పునరాలోచించవలసి ఉంటుంది. మిగిలివున్న కదలికను నొప్పిలేని మేరకు నిలుపుకోవడం ఒక లక్ష్యం. లేని కదలికను తిరిగి తేవాలనుకోవడం పూర్తిగా మరొకటి. పక్కటెముకల కీళ్లు బిగుసుకొని ఛాతీ విస్తరణ తగ్గినవారికి లోతైన శ్వాసాభ్యాసం మొదటి రకానికి చెందుతుంది. కాళ్లు బిగదీసుకుపోవడం, తిమ్మిరి, మూత్రం మీద అదుపు తప్పడం వంటి లక్షణాలుంటే వెన్నుపాము నలుగుతున్నదని అనుమానించాలి. అలాంటి వ్యక్తి ముందుగా వెళ్లవలసినది వ్యాయామ తరగతికి కాదు, నరాల వైద్యుని వద్దకు.

కండరం మిగిలే ఉంటుంది

ఇంతవరకు చెప్పినది నిరాశగా ధ్వనించవచ్చు. కాని ఫ్లోరైడ్ ప్రధానంగా దెబ్బతీసేది ఎముకలను, స్నాయువులను. నరాలు నలగనంతవరకు కండరానికి సాధనతో బలపడే గుణం ఉంటుంది. మరియా ఫియాటరోన్ బృందం 1990లో బోస్టన్‌లో సగటున 90 ఏళ్ల వయసున్న పదిమంది ఆశ్రమవాసులతో ఎనిమిది వారాలు తొడ కండరాల బలసాధన చేయించింది. సాధన పూర్తిచేసినవారి బలం సగటున 174 శాతం పెరిగింది. ప్రయోగం చిన్నదే అయినా, ముసలితనంలో బలం పెరగదన్న నమ్మకాన్ని అది సడలించింది.

పడిపోవడం మీద ఆధారాలు ఇంకా విస్తృతమైనవి. షెరింగ్టన్ తదితరులు 2019లో 108 పరిశోధనలను, 23,407 మంది సమాచారాన్ని కలిపి సమీక్షించి, వ్యాయామం వల్ల వృద్ధులు పడిపోయే రేటు 23 శాతం తగ్గుతుందని తేల్చారు. నిలకడను పెంచే అభ్యాసాలకు అందులో పెద్దపీట. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020 మార్గదర్శకాలు 65 ఏళ్లు దాటినవారికి వారానికి 150 నుంచి 300 నిమిషాల మధ్యస్థ శ్రమతోపాటు కనీసం మూడు రోజులు నిలకడ, బలం కలగలిసిన అభ్యాసాలను సూచించాయి. పెళుసు ఎముక గలవారికి పడకుండా ఉండటమే అసలైన రక్షణ. కనుక నల్లగొండలో సాగదీతకన్నా నిలకడకూ కాళ్ల బలానికీ ప్రాధాన్యం ఇవ్వడం సమంజసం.

నీటిలో వ్యాయామాన్ని కూడా పాఠ్యగ్రంథాలు సిఫారసు చేస్తాయి. నడుము లోతు నీటిలో కాళ్ల మీద పడే భారం సుమారు సగానికి తగ్గుతుంది, పడినా దెబ్బ తగలదు. అయితే వ్యవసాయ బావుల్లో ఈత నేర్చిన ఈ ప్రాంతపు వృద్ధులకు ఇప్పుడు ఆ మెట్లు దిగే శక్తి లేదు. పల్లెలో ఈతకొలను ఊహకందని మాట. ఆ అధ్యాయం పట్టణాలకే పరిమితం.

నేల మీద కూర్చొని లేచే పరీక్ష గురించి మాత్రం కొంత ఆగి ఆలోచించాలి. బ్రెజిల్‌కు చెందిన క్లాడియో గిల్ అరౌజో బృందం 2012లో 51 నుంచి 80 ఏళ్ల 2,002 మందికి ఈ పరీక్ష పెట్టింది. ఆసరా లేకుండా నేల మీద కూర్చొని లేస్తే 10 మార్కులు. చేయి ఆనితే ఒకటి, మోకాలు ఆనితే ఒకటి, తూలితే అర మార్కు తీసివేస్తారు. 8 మార్కులు, ఆపైన వచ్చినవారితో పోలిస్తే 3 మార్కుల లోపు వచ్చినవారిలో తరువాతి ఏళ్లలో మరణాల రేటు అయిదు రెట్లకు పైగా ఉంది. బాసింపట్టు వేసుకొని భోంచేసే, గొంతు కూర్చొని కలుపుతీసే సమాజానికి ఈ పరీక్ష కుర్చీ పరీక్షకన్నా సహజమైనది. ప్లాస్టిక్ కుర్చీ ప్రతి వాకిట్లోకీ వచ్చాక రోజూ చేసే ఈ సాధన తెలియకుండానే తగ్గిపోతున్నది. అలాగని బిగుసుకున్న నడుము గల మనిషికి అదే కుర్చీ విలాసమేమీ కాదు, అత్యవసరం. అతనికి వచ్చిన 3 మార్కులు ఆయుష్షును కాకుండా అతని ఊరి బోరునీటి చరిత్రను చెబుతుండవచ్చు.

పాలమూరు ప్రశ్న

మహబూబ్‌నగర్ వృద్ధులు వ్యాయామశాస్త్రాన్ని మరొక వైపు నుంచి నిలదీస్తారు. గుంపు మేస్త్రీల వెంట ఊళ్లు విడిచి, దేశమంతటా ఆనకట్టలకూ కాలువలకూ మట్టి తవ్వి, తట్టలు మోసిన ‘పాలమూరు లేబర్’ తరం ఇది. ఇంత కష్టం చేసిన దేహానికి మళ్లీ వ్యాయామం దేనికన్నది సహజమైన ప్రశ్న.

దీనికి శాస్త్రంలో ‘శారీరక శ్రమ వైరుధ్యం’ అనే చర్చ ఉంది. డెన్మార్క్ పరిశోధకుడు ఆండ్రియాస్ హోల్టర్‌మన్ దీనిని విస్తృతంగా ప్రతిపాదించాడు. కోనెన్ బృందం 2018లో చేసిన సమీక్షలో, పనిలో భారీ శ్రమ చేసే పురుషులకు తక్కువ శ్రమ చేసేవారికన్నా అకాల మరణ ప్రమాదం 18 శాతం ఎక్కువని తేలింది. స్త్రీలలో ఆ పోకడ కనిపించలేదు. వ్యాయామం కొద్దిసేపు తీవ్రంగా సాగి, తరువాత విశ్రాంతినిస్తుంది. కూలిపని గంటల తరబడి ఒకే కండరాలను, ఒకే వంపులో, విరామం లేకుండా వాడుకుంటుంది. వేగం మేస్త్రీ చేతిలో ఉంటుంది, కూలి చేతిలో కాదు. ఈ వివరణలో బలమున్నా, పేదరికం, పొగతాగడం, పోషకాహార లోపం ఎంతవరకు కారణాలో విడదీయడం తేలిక కాదు. పైగా ఈ అధ్యయనాల్లో అధికభాగం సంపన్న దేశాలవి. పాలమూరు కూలీకి దీనిని యథాతథంగా అన్వయించడంకన్నా, అతని ప్రశ్న అర్థవంతమైనదని చెప్పే ఆధారంగా స్వీకరించడం ఉచితం.

పరిభాష

ఇక్కడ తెలుగు పరిశోధకుల పాత్ర మొదలవుతుంది. ‘వ్యాయామం’ సంస్కృత పదం, చాచడం, విస్తరించడం అన్న మూలార్థం గలది. దేహానికి స్థైర్యాన్నీ బలాన్నీ ఇచ్చే చేష్టగా, మితంగా చేయవలసినదిగా చరకసంహిత దానిని నిర్వచించింది. శక్తిలో సగం మేరకే చేయాలని సుశ్రుతుడు హద్దు పెట్టాడు. ‘కసరత్తు’ అరబీ, ఫారసీ మార్గంలో వచ్చి తాలింఖానాల చుట్టూ తిరిగింది. ఈ రెండు మాటల్లోనూ యువకుడి దేహమే మనసులో మెదులుతుంది. పల్లెల్లో వినిపించే ‘కష్టం’, ‘చాకిరీ’ అన్నవి కూలికి సంబంధించినవి. వృద్ధుని కోసం చేసే సాధనకు వాడుకలో పేరు లేదు.

కరపత్రాల్లో కనిపించే ‘సమతుల్యతా వ్యాయామాలు’, ‘నమ్యత’ వంటి అనువాదాలు చదువరికి చేరవు. ‘తూలకుండా నిలవడం’ అంటే మర్రిగూడలోనైనా మక్తల్‌లోనైనా విడమరచి చెప్పనక్కరలేదు. మంచం పట్టె పట్టుకొని ఒంటికాలి మీద పది లెక్కించేవరకు నిలవడం, చేతులు ఆనకుండా అరుగు మీద నుంచి అయిదుసార్లు లేవడం, గోడ వెంట మడమను వేలికి తాకించి నడవడం: నిలకడ, బలం అన్న శాస్త్రీయ లక్ష్యాలు ఈ మాటల్లోకి ఒదుగుతాయి. 2020లో ఫిట్ ఇండియా ఉద్యమం 65 ఏళ్లు పైబడినవారికి ప్రత్యేక మార్గదర్శిని వెలువరించింది. అలాంటి పత్రాన్ని ఈ జిల్లాల కోసం తెలుగులో తిరగరాసేటప్పుడు పేరు, వయసు, బరువు, రక్తపోటు గళ్ల పక్కన మరో రెండు గళ్లు చేర్చాలి. ఒకటి, ఏ ఊరి నీళ్లు ఎన్నేళ్లు తాగారు. రెండవది, ఏ పని ఎన్నేళ్లు చేశారు. నాణెం తీయమని అడగడం ఆ తరువాత.