మైక్రోస్కోప్‌లోనే మల్టీమీటర్ ఉంటే? ఎలక్ట్రాన్ హోలోగ్రఫీ ఎలా పని చేస్తుందంటే...

మే నెలలో కర్నూలు ఎండ ఎట్లుంటుందో తెలిసిందే. ఆ టైంలో మా అవ్వ ఫోన్ ఛార్జింగ్‌లో ఉండగానే ఆఫ్ అయింది, మళ్లీ ఆన్ కాలేదు. చనిపోయిన మా తాత మాట్లాడిన వీడియోలన్నీ అందులోనే ఉన్నాయి. బ్యాకప్ లేదు. ఇంట్లో సాఫ్ట్‌వేర్ ఇంజనీర్ని నేనే, బ్యాకప్ పెట్టాల్సిందీ నేనే!

బస్టాండ్ దగ్గర సర్వీస్ షాపుకి తీసుకెళ్తే, అక్కడి అన్న బోర్డు తీసి మైక్రోస్కోప్ కింద పెట్టాడు. "ఏడా కాలలేదు, ఏడా పగల్లేదప్పా. చూసేకి అంతా బాగుంది" అన్నాడు. తర్వాత మల్టీమీటర్ తీసుకుని ఒక్కో పాయింట్ టెస్ట్ చేశాడు. "ఇదో, ఈడిదాకా వోల్టేజ్ వస్తాంది. ఆ పక్కకి పోవట్లేదు."

మైక్రోస్కోప్‌కి ఆకారం కనిపిస్తుంది, వోల్టేజ్ కనిపించదు. అందుకే రెండు టూల్స్ కావాలి. మరి ప్రాసెసర్ లోపల, వెంట్రుక కంటే వేల రెట్లు చిన్నగా ఉండే ట్రాన్సిస్టర్‌లో వోల్టేజ్ ఎక్కడ ఎంత ఉందో ఎలా చూస్తారు? దానికి ఉన్న దారుల్లో ఒకటి ఎలక్ట్రాన్ హోలోగ్రఫీ.

మామూలు ఇమేజ్‌లో ఏం మిస్ అవుతుంది?

ట్రాన్స్‌మిషన్ ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌లో పల్చటి శాంపిల్ గుండా ఎలక్ట్రాన్లను పంపిస్తారు. క్వాంటం ఫిజిక్స్ ప్రకారం ఎలక్ట్రాన్ కూడా ఒక అలే. 300 కిలోవోల్టుల దగ్గర ఆ అల పొడవు సుమారు 0.002 నానోమీటర్లు. ఆకుపచ్చ కాంతికి అది 500 నానోమీటర్ల పైమాటే. అందుకే ఎలక్ట్రాన్లతో అంత చిన్నవి చూడగలం.

కానీ ఏ కెమెరా అయినా లెక్కపెట్టేది ఎన్ని ఎలక్ట్రాన్లు వచ్చి పడ్డాయి అని మాత్రమే. మన ఫోన్ కెమెరా కూడా అంతే, ఎంత కాంతి పడిందో చూస్తుంది. అల కాస్త ముందుకు వచ్చిందా, వెనకబడిందా అన్నది, అంటే ఫేజ్, రికార్డ్ అవ్వదు. ఎలక్ట్రిక్, మాగ్నెటిక్ ఫీల్డులు ముఖ్యంగా మార్చేది ఆ ఫేజ్‌నే. అంటే మనకి కావాల్సిన సమాచారమే పోతోంది.

కేసీ కెనాల్‌లో చూసేయొచ్చు

సుంకేసుల నుంచి కర్నూలు మీదుగా కడప వైపు పోయే కేసీ కెనాల్ మీద ఏదైనా వంతెన దగ్గర నిలబడి చూడండి. పిల్లర్ దగ్గర నీళ్లు రెండుగా చీలి, దాటాక మళ్లీ కలుస్తాయి. రెండు వైపుల అలలు కలిసే చోట గీతల్లాంటి డిజైన్ వస్తుంది. ఒక వైపు అల కాస్త లేట్ అయితే ఆ గీతలు పక్కకి జరుగుతాయి.

ఎలక్ట్రాన్ హోలోగ్రఫీలో జరిగేదీ దాదాపు ఇదే. ఎలక్ట్రాన్ అలలో సగం శాంపిల్ గుండా పోతుంది, మిగతా సగం పక్కనున్న ఖాళీ వాక్యూమ్ గుండా పోతుంది. కింద పిల్లర్ లాగా ఒక మైక్రాన్ కంటే సన్నని తీగ ఉంటుంది. దానికి పాజిటివ్ వోల్టేజ్ ఇస్తే రెండు సగాలూ లోపలికి వంగి ఒకదాని మీద ఒకటి పడతాయి. గీతలు వస్తాయి. ఆ గీతలు ఎక్కడ వంగితే అక్కడ ఫేజ్ మారిందన్నమాట.

ఈ ఫొటోనే హోలోగ్రామ్. బీటెక్‌లో సిగ్నల్స్ పరీక్ష కోసం బట్టీ కొట్టిన ఫోరియర్ ట్రాన్స్‌ఫార్మ్ ఇక్కడ నిజంగానే పనికొస్తుంది. దానితో హోలోగ్రామ్ నుంచి ఫేజ్ మ్యాప్ తీస్తారు. 100 నానోమీటర్ల మందం ముక్కలో 1 వోల్ట్ తేడా ఉంటే, 300 కిలోవోల్టుల మైక్రోస్కోప్‌లో అల తన పొడవులో సుమారు పదో వంతు జరుగుతుంది. అది కొలవగలిగినంత తేడా.

అసలు హోలోగ్రఫీ పుట్టిందే దీనికోసం

హోలోగ్రామ్ అంటే మనకి ఏటీఎం కార్డు మీద మెరిసే స్టిక్కర్ గుర్తొస్తుంది. కానీ డెన్నిస్ గాబోర్ 1948లో ఈ ఐడియా ప్రచురించింది ఎలక్ట్రాన్ మైక్రోస్కోప్‌ల లెన్సు లోపాలను దాటడానికి! లేజర్ వచ్చింది 1960లో. గాబోర్‌కి నోబెల్ వచ్చింది 1971లో. పైన చెప్పిన తీగని, అంటే బైప్రిజంని, 1950ల మధ్యలో జర్మనీలో మోలెన్‌స్టెడ్, డ్యూకర్ తయారు చేశారు. దాన్ని పక్కా టూల్‌గా మార్చినవాళ్లలో ముఖ్యుడు జపాన్‌లో హిటాచీ సైంటిస్ట్ అకిరా తొనొమురా. 1986లో ఆయన టీం, మాగ్నెటిక్ ఫీల్డ్‌ని అసలు తాకకుండా పక్కనుంచి పోయిన ఎలక్ట్రాన్ ఫేజ్ కూడా మారుతుందని చూపించింది.

మన గ్యాడ్జెట్లకి ఏం ఉపయోగం?

చిప్స్: 1999లో జర్మనీ పరిశోధకులు ట్రాన్సిస్టర్ లోపలి పొటెన్షియల్‌ని 2డీ మ్యాప్‌గా చూపించారు.

స్టోరేజ్: 1980ల్లోనే తొనొమురా టీం మాగ్నెటిక్ రికార్డింగ్‌లో బిట్స్ చుట్టూ ఫీల్డ్ గీతలు ఎలా ఉంటాయో చూసింది.

బ్యాటరీ: 2010లో జపాన్ టీం ఒక సాలిడ్ స్టేట్ లిథియం బ్యాటరీ ఛార్జ్ అవుతుంటే లోపల పొటెన్షియల్ ఎలా మారుతోందో చూసింది.

రిజల్యూషన్ కూడా పెరుగుతోంది. 2024లో హిటాచీ, దాని పార్ట్‌నర్లు 1.2 మిలియన్ వోల్టుల మైక్రోస్కోప్‌తో క్రిస్టల్‌లో ఒక్కో అణు పొర మాగ్నెటిక్ ఫీల్డ్‌ని 0.47 నానోమీటర్ల రిజల్యూషన్‌తో చూపించారు.

మరి మైనస్ పాయింట్లు?

ఉన్నాయి. చిప్‌ని కోసి, వంద నుంచి కొన్ని వందల నానోమీటర్ల మందం ముక్క చేయాలి. ఆ చిప్ ఇక పని చేయదు. కోసేటప్పుడు పైపొర దెబ్బతింటే రీడింగ్ తేడా వస్తుంది. పక్కన ఖాళీ జాగా కూడా ఉండాలి. కాబట్టి ఇది రిపేర్ టూల్ కాదు. తర్వాతి చిప్, తర్వాతి బ్యాటరీ బాగా రావడానికి ల్యాబ్‌లో వాడే టూల్.

అవ్వ ఫోన్‌కి అదృష్టవశాత్తూ అంత అవసరం రాలేదు. ఆవగింజంత కెపాసిటర్ ఒకటి షార్ట్ అయింది. అన్న దాన్ని మార్చగానే ఫోన్ ఆన్ అయింది. ఇంటికొచ్చి ముందు బ్యాకప్ తీశా. తర్వాత అవ్వ పక్కన కూర్చుని తాత వీడియో ప్లే చేశా.