అచ్చుగదిలో పుట్టిన చల్లదనం

ఇంట్లో పెట్టుకునే ఏసీకి పుట్టిల్లు ఒక అచ్చాఫీసు. 1902లో న్యూయార్క్‌ బ్రూక్లిన్‌లోని సాకెట్-విల్‌హెల్మ్స్ ముద్రణాలయంలో రంగుల బొమ్మలు చెడిపోతుండేవి. ఒక్కో రంగూ విడిగా అచ్చు వెయ్యాలి. ఒక రంగు ఆరి రెండోది పడేలోపు కాగితం గాలిలోని తేమ తాగి సాగేది, రంగు గీత దాటేది. బఫెలో ఫోర్జ్ కంపెనీలో కొలువున్న పాతికేళ్ల ఇంజనీరు విల్లిస్ కారియర్ గాలిని చల్లటి గొట్టాల మీదుగా నడిపించి, తేమను నీటిబొట్లుగా రాల్చి, గదిలో 55 శాతానికి అదుపు చేసే ఏర్పాటును రూపొందించాడు. గది చల్లబడటం ఆ పనితోపాటు కలిసొచ్చిన లాభం.

ఆ ఏర్పాటు ఇచ్చే చల్లదనాన్ని రోజుకు 54 టన్నుల మంచు కరిగినంత అని లెక్కగట్టారు. అప్పటికి చల్లదనమంటే మంచే మరి. అమెరికా సరస్సుల్లో కోసిన మంచుగడ్డలు ఓడల్లో మద్రాసుకు వచ్చేవి. 1842లో వాటికోసం సముద్రపుటొడ్డున కట్టిన ఐస్‌హౌస్ ఇప్పటికీ ఉంది. షాపులో ‘టన్నున్నర ఏసీ’ అనే మాట ఆ లెక్క నుంచే వచ్చింది. రోజంతటిలో ఒక టన్ను మంచు కరుగుతూ పీల్చుకునే వేడి సుమారు 3.5 కిలోవాట్లు. యంత్రం బరువుతో దానికి సంబంధం లేదు.

విజయవాడ గవర్నర్‌పేటలో కొత్తగా ఏసీ పెట్టించేవారికి కారియర్ తొలి సమస్యే ఎదురవుతుంది. ఏలూరు రోడ్డు అచ్చుకూ పుస్తకాలకూ పేరుపడ్డ దారి. పక్కనే కృష్ణ, ఊరి మధ్యన కాలువలు. మే నెల మధ్యాహ్నం పడమటి వడగాలి పొడిగా కొడుతుంది, సాయంత్రానికి సముద్రపు గాలి తిరిగి ఉక్కపోత మొదలవుతుంది. నీళ్ల కూలర్ గాలికి తేమ కలుపుతుంది కాబట్టి పొడి ఎండలో పనిచేసినట్టు ఉక్కలో పనిచేయదు. ఏసీ ఆ తేమను లాగేస్తుంది, అయితే ఊరికే కాదు. ఆవిరి నీరుగా మారేటప్పుడు విడిచే వేడినీ యంత్రమే మోయాలి. గంటకు లీటరు నీరు రాల్చాలంటే దాదాపు 680 వాట్లు, అంటే ఒక టన్నులో ఐదో వంతు, అందుకే పోతుంది.

ఇందువల్ల పరిమాణం ఎంచుకోవడమే సన్నాహంలో మొదటి మెట్టు. వంద, నూట ఇరవై చదరపు అడుగుల గదికి ఒక టన్ను, నూట ఎనభై దాకా టన్నున్నర అన్నది షాపుల్లో వాడుక లెక్క. పై అంతస్తులో స్లాబు ఎండకు కాగే గది అయినా, పడమటి కిటికీ ఉన్నా ఒక మెట్టు పైకి పోవచ్చు. అంతకు ముందే డాబాకు తెల్లసున్నం వేసి, కిటికీకి సజ్జో పరదానో కట్టడం చవక. ‘ఎందుకైనా మంచిది’ అని మరీ పెద్దది కొంటే మాత్రం నష్టమే. అది త్వరగా చల్లబరిచి ఆగిపోతుంది, తేమ గదిలోనే మిగులుతుంది. ఒళ్లు చల్లగా, దుప్పటి చెమ్మగా ఉంటుంది. 1980ల తొలినాళ్లలో జపాన్‌లో వచ్చిన ఇన్వర్టర్ రకం కంప్రెసర్ వేగాన్ని అవసరాన్నిబట్టి తగ్గించుకుంటూ నడుస్తుంది గనక ఈ ఇబ్బంది కొంత తీరుతుంది. శీతకాలంలో వేడిగాలి ఇచ్చే యంత్రానికి ఈ ఊళ్లో అదనంగా డబ్బు పెట్టనక్కర్లేదు.

తర్వాతది కరెంటు. పాత వాటాల్లో ఫ్యాన్లకూ లైట్లకూ వేసిన సన్నటి వైరు మీద ఏసీ వేయకూడదు. మెయిన్ బోర్డు నుంచి విడిగా 4 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, తగిన ఎంసీబీ, గట్టి ఎర్త్ ఉండాలి. మీటరుకు రాయించిన లోడు చాలకపోతే విద్యుత్ పంపిణీ సంస్థకు దరఖాస్తు పెట్టి పెంచుకోవాలి.

అవుట్‌డోర్ యూనిట్‌ స్థలానిదే ఇరుకు పేటల్లో అసలు చిక్కు. రెండు ఇళ్ల మధ్య సందులో బిగిస్తే వదిలిన వేడిగాలినే మళ్లీ పీలుస్తుంది, బిల్లు పెరుగుతుంది, ఎదురింటి కిటికీలోకి సెగ పోతుంది. నీడ ఉండాలి, గాలి ఆడాలి, మెకానిక్ నిలబడి శుభ్రం చేయడానికి చోటుండాలి. గోడకు వేసే రంధ్రం బయటివైపు కాస్త కిందికి వాలాలి. డ్రెయిన్ పైపు ఎక్కడా పైకి లేవకూడదు. లేచిందా, ఆషాఢపు ఉక్కలో నీళ్లు ఇన్‌డోర్ యూనిట్ నుంచి మంచం మీదికే కారతాయి.

అన్నిటికన్నా ఎక్కువ నిర్లక్ష్యం జరిగేది చివరి అరగంటలో. రాగి పైపులు కలిపాక పంపుతో లోపలి గాలినీ చెమ్మనూ పూర్తిగా లాగేసి, ఆ తర్వాతే గ్యాస్ వదలాలి. తొందరలో కొందరు కాస్త గ్యాస్ వదిలి ఆ ఒత్తిడితోనే గాలిని బయటికి నెట్టేస్తారు. మిగిలిన చెమ్మ కంప్రెసర్ నూనెతో చేరి ఆమ్లంగా మారి యంత్రాన్ని లోపల్నుంచి తినేస్తుంది. 1928లో థామస్ మిడ్జ్‌లీ బృందం కనిపెట్టిన పాత తరహా గ్యాసులు ఓజోన్ పొరను దెబ్బతీయడంతో 1987 మాంట్రియల్ ఒప్పందం వాటికి స్వస్తి పలికింది. ఇప్పుడు ఎక్కువగా వాడే ఆర్-32 ఓజోన్‌ను ముట్టదు గానీ భూతాపాన్ని పెంచడంలో బొగ్గుపులుసు వాయువుకు కొన్ని వందల రెట్లు, పైగా కొద్దిగా మండే గుణముంది. దాన్ని గాలిలోకి వదలడం ఏ విధంగానూ తగదు. పంపు తెచ్చుకోని మెకానిక్‌ను వెనక్కి పంపి, మర్నాడు పంపుతో రమ్మనడమే మేలు.

2020 జనవరి నుంచి దేశంలో స్టార్ లేబుల్ గది ఏసీలు 24 డిగ్రీల వద్దే ఆన్ అవుతున్నాయి. తేమ సరిగా లాగే యంత్రం, పైన మెల్లగా తిరిగే ఫ్యాను ఉంటే రోహిణీ కార్తెలో కూడా అంతకంటే తగ్గించే అవసరం రాదు.