ఇల్లు కట్టి చూడు – లెక్క వేసి చూడు

కూడు, గుడ్డ, గూడు మనిషికి కనీస అవసరాలని చిన్నప్పటి నుంచి చదువుకుంటూనే ఉన్నాం. అయితే గూడు విషయానికి వచ్చేసరికి “ఇల్లు మంజూరైందా, లేదా?” అన్న దగ్గరే మన ఆలోచన ఆగిపోతుంది. ఆ ఇల్లు ఎలా ఉండాలి, కట్టిన తర్వాత అందులో బతకడానికి ఎంత ఖర్చవుతుంది అన్న ప్రశ్నలు మనం పెద్దగా వేసుకోం. “ఇల్లు కట్టి చూడు, పెళ్లి చేసి చూడు” అన్నారు పెద్దలు. ఆ సామెత చెప్పేది కట్టేటప్పటి ఖర్చు గురించి. కట్టిన తర్వాత యాభై ఏళ్లపాటు అయ్యే ఖర్చు ఇంకొకటి ఉంది. ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టి చూడడమే ఈ వ్యాసం ఉద్దేశం.

సుస్థిర నిర్మాణం అంటే ఏమిటి?

దీన్నే పర్యావరణహిత నిర్మాణమనీ, హరిత భవనమనీ అంటున్నారు. పేరు ఏదైనా అర్థం ఒకటే. భవనం కట్టేటప్పుడు, వాడేటప్పుడు ప్రకృతి నుంచి తీసుకునేది తగ్గాలి. అందులో ఉండేవారికి గాలి, వెలుతురు, నీరు, చల్లదనం లోటు లేకుండా అందాలి. ఆకుపచ్చ రంగు వేసి నాలుగు పూలకుండీలు పెట్టినంత మాత్రాన అది హరిత భవనం కాదు.

దీని అవసరం ఏమిటంటే, నేటి నిర్మాణానికి ప్రకృతి చెల్లిస్తున్న మూల్యం చాలా ఎక్కువ. సిమెంటు కోసం సున్నపురాయిని సుమారు 1,450 డిగ్రీల వేడిలో కాలుస్తారు. మండే బొగ్గు నుంచే కాక, ఆ రాయి నుంచి కూడా కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. మనుషుల వల్ల ప్రపంచంలో వెలువడే కార్బన్ డయాక్సైడ్‌లో దాదాపు 7, 8 శాతం సిమెంటుదే. ఎర్ర ఇటుకకు పంట పండే పైమట్టి కావాలి, కాల్చడానికి బొగ్గో, ఊకో, కట్టెలో కావాలి. ఇటుక బట్టీ దగ్గర వేడి ఎలా ఉంటుందో మనలో చాలామంది ఇళ్లలో పుస్తకం చూసి తెలుసుకోనక్కర్లేదు.

హైదరాబాద్ అనుభవం

మన దేశంలో హరిత భవనాల ప్రస్థానం హైదరాబాద్‌తో ముడిపడి ఉంది. హైటెక్ సిటీ దగ్గర ఉన్న సి.ఐ.ఐ.–సొరాబ్జీ గోద్రెజ్ గ్రీన్ బిజినెస్ సెంటర్‌ను 2004 జూలై 14న అప్పటి రాష్ట్రపతి ఎ.పి.జె. అబ్దుల్ కలాం ప్రారంభించారు. అమెరికా వెలుపల ‘లీడ్ ప్లాటినం’ గుర్తింపు పొందిన మొదటి భవనం ఇదే. మన మండువా లోగిలిలా మధ్యలో ఆరుబయలు, గాలి ఆడే జాలీ గోడలు, పైకప్పు మీద తోట, వాడిన నీటిని మొక్కల వేళ్ల సాయంతో శుద్ధి చేసే ఏర్పాటు ఇందులో ఉన్నాయి.

మరి ఖర్చు? హరిత భవనాల మండలి ఇచ్చిన లెక్కల ప్రకారం మామూలు భవనం కంటే దీనికి 18 శాతం ఎక్కువైంది. కరెంటు, నీళ్ల ఆదా రూపంలో ఆ అదనపు ఖర్చు తిరిగి రావడానికి 7 ఏళ్లు పడుతుందన్నారు. 2004లో గుర్గావ్‌లో ఐ.టి.సి. కట్టిన భవనానికి అదనపు ఖర్చు 15 శాతం, తీరే కాలం 6 ఏళ్లు. 2005లో అక్కడే విప్రో కట్టిన దానికి 8 శాతం, 5 ఏళ్లు. అనుభవం పెరిగి, సరుకు దగ్గరలో దొరికే కొద్దీ ఖర్చు తగ్గుతుందని దీన్నిబట్టి తెలుస్తోంది.

అయితే ఇవన్నీ ఏ.సీ.లు నడిచే కార్యాలయాలు. బిల్లు పెద్దది కాబట్టి ఆదా కూడా పెద్దది. రెండు గదుల ఇంటికి ఈ లెక్క నేరుగా వర్తించదు. అక్కడ పనికొచ్చేది వేరే దారి.

తక్కువ ఖర్చుతోనూ సాధ్యమే

ఆ దారి చూపినవారిలో ముఖ్యుడు లారీ బేకర్. 1917లో ఇంగ్లండ్‌లో పుట్టి, మన దేశంలో స్థిరపడి, 2007లో తిరువనంతపురంలో కన్నుమూసిన వాస్తుశిల్పి ఆయన. మంచి ఇల్లు కట్టడానికి ఖర్చు పెంచనక్కర్లేదనీ, తగ్గించవచ్చుననీ కేరళలో కట్టి చూపించారు. మనకు పనికొచ్చే పద్ధతులు కొన్ని చూద్దాం.

1. రాట్ ట్రాప్ కట్టుబడి: ఇటుకను పడుకోబెట్టకుండా అంచు మీద నిలబెట్టి, మధ్యలో ఖాళీ వదులుతూ తొమ్మిది అంగుళాల గోడ కడతారు. దాదాపు నాలుగో వంతు ఇటుక మిగులుతుంది. మామూలు గోడకు 10,000 ఇటుకలు పడితే దీనికి 7,500 చాలు. ఆ ఖాళీలోని గాలి బయటి వేడిని లోపలికి తొందరగా రానివ్వదు.

2. ఫిల్లర్ శ్లాబు: శ్లాబు కింది భాగంలో బలమంతా ఇనుప చువ్వలదే, అక్కడి కాంక్రీటు మోసేది తక్కువ. అందుకే చువ్వల మధ్య పెంకులు పేర్చి శ్లాబు పోస్తారు. కాంక్రీటు మిగులుతుంది, బరువు తగ్గుతుంది. అయితే ఇది ఇంజనీరు డిజైన్ ప్రకారమే చేయాలి.

3. బూడిద ఇటుక: రామగుండం, కొత్తగూడెం, విజయవాడ వంటి చోట్ల థర్మల్ విద్యుత్ కేంద్రాల్లో బూడిద గుట్టలుగా మిగులుతుంది. విశాఖపట్నానికి చెందిన శాస్త్రవేత్తలు ఎన్. భానుమతీదాస్, ఎన్. కాళిదాస్ ఈ బూడిదకు సున్నం, జిప్సం కలిపి ‘ఫాల్-జి’ అనే పద్ధతిని రూపొందించారు. ఇటుకను కాల్చే పని లేదు, నీళ్లతో తడిపితే చాలు గట్టిపడుతుంది. అంచులు సమంగా ఉంటాయి కాబట్టి ప్లాస్టరింగ్ కూడా తక్కువ పడుతుంది.

4. దిక్కు, నీడ: పడమటి గోడకు పెద్ద కిటికీలు పెట్టకపోవడం, ఎదురెదురు కిటికీలు ఉంచడం, కిటికీల మీద సరైన సజ్జలు వేయడం, పడమర చెట్టు పెంచడం. ప్లాను గీసేటప్పుడే ఆలోచిస్తే వీటికి అదనంగా అయ్యేది దాదాపు ఏమీ లేదు.

పాతదంతా బంగారం కాదు

రాయలసీమ మట్టి మిద్దె ఎండాకాలంలో చల్లగా ఉంటుంది. ఉత్తరాంధ్ర తీరంలో చుట్టిల్లు గుండ్రంగా ఉండడం వల్ల గాలివానకు తట్టుకుంటుంది. ఇది నిజమే. అయితే మిద్దె కారుతుంది, ఏటా మీద మట్టి వేయాలి, చెద పడుతుంది. ఎండాకాలం వస్తే పూరిళ్లు తగలబడిన వార్త వినని ఏడాది లేదు. నేల అలకడం, గోడలు మెత్తడం అంతా ఆడవాళ్ల చాకిరీయే. ఆ చాకిరీని ఏ ఖర్చు పట్టికలోనూ రాయరు. పైగా తరాల తరబడి ఊరి చివర గుడిసెల్లో బతికిన మన వాడలకు శ్లాబు ఇల్లు అంటే నాలుగు గోడలే కాదు, అది ఒక గౌరవం. బంగళాల్లో ఉండేవారు వచ్చి “మట్టి ఇల్లే గొప్పది” అంటే మనకు కోపం రావడం సహజం. కనుక సుస్థిర నిర్మాణం అంటే పేదవాణ్ణి మళ్లీ గుడిసెలోకి పంపడం కాకూడదు. పక్కా ఇల్లే కావాలి. అది చల్లగా, చవకగా, మన్నికగా ఉండాలి.

రెండు చిన్న లెక్కలు

మొదటిది ఫ్యాను. మామూలు ఫ్యాను సుమారు 75 వాట్లు, కొత్తరకం బి.ఎల్.డి.సి. ఫ్యాను సుమారు 30 వాట్లు తీసుకుంటుంది. తేడా 45 వాట్లు. రోజుకు 15 గంటలు, ఏడాదికి 240 రోజులు తిరిగితే 162 యూనిట్లు మిగులుతాయి. యూనిట్ 8 రూపాయలు అనుకుంటే దాదాపు 1,300 రూపాయలు. కొత్త ఫ్యానుకు 1,500 రూపాయలు ఎక్కువ పెట్టినా, ఏడాదీ రెండు నెలల్లో తీరిపోతుంది. ఆ తర్వాత మిగిలేదంతా లాభమే.

రెండోది వాన. ఒక చదరపు మీటరు మీద ఒక మిల్లీమీటరు వాన కురిస్తే ఒక లీటరు నీరు. హైదరాబాద్‌లో ఏడాదికి సగటున సుమారు 800 మిల్లీమీటర్లు కురుస్తుంది. 300 చదరపు మీటర్ల పైకప్పు ఉన్న హాస్టల్‌లో అందులో 80 శాతం పట్టినా 1,92,000 లీటర్లు. అంటే 5,000 లీటర్ల ట్యాంకర్లు 38.

ఖర్చు ఒకరిది, లాభం ఒకరిది

ఇంత లాభమున్నప్పుడు అందరూ ఎందుకు చేయరు? అసలు చిక్కు ఇక్కడే ఉంది. సొంత డబ్బుతో కట్టుకుని, సొంత బిల్లు కట్టుకునే సంస్థకు లాభం కళ్లముందు కనిపిస్తుంది. హాస్టల్ విషయంలో అలా కాదు. భవనం కట్టే డబ్బు ఒక పద్దు, కరెంటు బిల్లు మరో పద్దు. టెండరులో తక్కువ రేటు వేసినవారికి పని దక్కుతుంది. ఆ రేటులో యాభై ఏళ్ల బిల్లు కలవదు. పిల్లల ఉక్కపోత ఏ పద్దులోనూ లేదు. మేము చదువుకున్న రోజుల్లో వేసవి వస్తే పై అంతస్తు గదులవాళ్లు చాపలు తీసుకుని వరండాలోకి వచ్చి పడుకునేవారు. శ్లాబు మీద ఆదా చేసిన రూపాయికి వడ్డీ కట్టింది వారే.

ఇది సౌకర్యం గురించి మాత్రమే కాదు, చదువు గురించి కూడా. 2020లో ప్రచురితమైన ఒక పరిశోధన అమెరికాలో సుమారు కోటిమంది విద్యార్థుల పరీక్ష ఫలితాలను పరిశీలించింది. ఏ.సీ. లేని బడుల్లో ఏడాది సగటు ఉష్ణోగ్రత ఒక డిగ్రీ ఫారన్‌హీట్ పెరిగితే ఆ ఏడాది నేర్చుకునేది దాదాపు ఒక శాతం తగ్గిందని తేల్చింది. ఆ నష్టం నల్లజాతి, పేద కుటుంబాల పిల్లలకే ఎక్కువగా జరిగింది. పోటీ పరీక్షల్లో ఒక్క మార్కు తేడాతో సీటు పోయినవారికి ఒక శాతం అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు.

పరిష్కారం అంత ఖరీదైనదీ కాదు. హైదరాబాద్‌లో కార్యాలయ భవనాల సిమెంటు కప్పులకు తెల్లపూత వేసి చూసిన పరిశోధకులు ఏ.సీ.ల కరెంటు 10 నుంచి 19 శాతం తగ్గినట్లు 2012లో ప్రకటించారు. 2023లో తెలంగాణ ప్రభుత్వం ‘కూల్ రూఫ్’ విధానాన్ని తెచ్చి, ప్రభుత్వ భవనాలను కూడా అందులో చేర్చింది. ఏ.సీ. లేని గదిలో ఆ పూత వల్ల మిగిలేది కరెంటు కాదు, నిద్ర. కొంత పరిమితి వరకు ఉచిత కరెంటు అందే ఇళ్లలోనూ అంతే. బిల్లు ఆదా ప్రభుత్వానికి, ఆరోగ్యం ఇంటివారికి.

ఇబ్బందులు కూడా ఉన్నాయి

తెల్లపూత దుమ్ము పట్టి మాసిపోతుంది. సున్నం అయితే వానకు కొట్టుకుపోతుంది, ఏటా వేయాలి. రాట్ ట్రాప్ గోడ కట్టడం తెలిసిన తాపీ మేస్త్రీలు తక్కువ, కరెంటు పైపులు ఎక్కడ రావాలో ముందే నిర్ణయించుకోవాలి. నాణ్యత చూడకుండా కొన్న బూడిద ఇటుక విరిగిపోతుంది. ఇంకుడు గుంతను ఏటా శుభ్రం చేయకపోతే పూడిపోతుంది. కట్టి వదిలేస్తే ఏ హరిత భవనమైనా రెండేళ్లలో మామూలు భవనమైపోతుంది.

మనం చేయగలిగింది

ఈ హాస్టళ్లలో చదివినవారు నేడు ఇంజనీర్లుగా, ఉపాధ్యాయులుగా, ఉద్యోగులుగా ఉన్నారు. పూర్వ విద్యార్థులకు మా మనవి ఒక్కటే. మీ చేతి మీదుగా వెళ్లే ఎస్టిమేటులో కట్టే ఖర్చు పక్కన నడిపే ఖర్చును కూడా రాయండి. ఇంట్లో తాపీ పని చేసే అన్నయ్య ఉంటే ఈ పద్ధతులు చూపించండి. కొత్త పని తెలిసిన మేస్త్రీకి కూలి కూడా పెరుగుతుంది. ప్రస్తుత విద్యార్థులు పై గదిలో, కింది గదిలో మధ్యాహ్నం రెండు గంటలకు ఉష్ణోగ్రత ఎంతుందో ఒక వేసవంతా పుస్తకంలో రాసి ఉంచండి. థర్మామీటరు ఒకటి చాలు. “ఉక్కగా ఉంది సార్” అంటే వినేవారు తక్కువ. తేదీలతో, అంకెలతో అర్జీ పెడితే దానికి జవాబు ఇవ్వక తప్పదు. మన గది వేడి ఇంతవరకు ఏ లెక్కలోకీ ఎక్కలేదు. దాన్ని ఎక్కించే పని మనతోనే మొదలుకావాలని కోరుకుంటూ సెలవు.