పీసీఓఎస్ ఉంటే స్మార్ట్ కాటా, వాచ్, పీరియడ్ యాప్... ఏ నంబర్‌ని నమ్మాలి?

వాచ్‌లో రింగులన్నీ నిండాయి. రోజుకు ఎనిమిది వేల అడుగులు తగ్గట్లేదు. అన్నం తగ్గించి నెలన్నర అయ్యింది. అయినా కాటా ఎక్కితే అదే నంబర్. పీసీఓఎస్ ఉన్న అమ్మాయిల్లో చాలామందికి ఇది తెలిసిన కథే. ఆ తర్వాత ఏం జరుగుతుందో కూడా తెలిసిందే. ఇక నా వల్ల కాదని వాచ్‌ని డ్రాయర్‌లో పడేస్తారు. లేదంటే ఇంకాస్త ఖరీదైనది కొంటే పని జరుగుతుందేమోనని ఆన్‌లైన్ సేల్ కోసం ఎదురుచూస్తారు.

గుంటూరు, పల్నాడు, ప్రకాశం వైపు చాలా ఇళ్లలో కొత్త ఖర్చు మాట ఎత్తాలంటే ముందు యార్డులో మిర్చి రేటు, పత్తి రేటు చూసుకోవాలి. అలాంటి ఇంట్లో వేలు పోసి గ్యాడ్జెట్ కొనేముందు అది నిజంగా ఏం కొలుస్తుందో తెలియాలి కదా. అందుకే ఈసారి మోడళ్ల పోలిక పక్కన పెట్టేశాం. పీసీఓఎస్‌తో బరువు చూసుకునేవాళ్లకి ఏ నంబర్ పనికొస్తుంది, ఏది ఊరికే భయపెడుతుంది అన్నదే ఈ ఆర్టికల్.

ముందు అసలు సమస్య ఏంటో చూద్దాం

పీసీఓఎస్ అంటే పాలీసిస్టిక్ ఓవరీ సిండ్రోమ్. ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్న ప్రకారం పిల్లలు పుట్టే వయసులో ఉన్న ఆడవాళ్లలో 10 నుంచి 13 శాతం మందికి ఇది ఉంటుంది. వాళ్లలో 70 శాతం వరకు మందికి తమకు ఉన్నట్టే తెలియదు.

బరువుకీ దీనికీ లింకు ఎక్కడ? మీ ఫోన్‌నే ఉదాహరణగా తీసుకోండి. పొలం గట్టు మీద సిగ్నల్ వీక్‌గా ఉంటే ఫోన్ ఊరుకోదు. టవర్‌ని అందుకోవడానికి పవర్ పెంచుతుంది. కాల్ కలుస్తుంది కానీ బ్యాటరీ దిగిపోతుంది, ఫోన్ వేడెక్కుతుంది. పీసీఓఎస్ ఉన్న చాలామంది శరీరంలో జరిగేది దాదాపు ఇదే. ఇన్సులిన్ ఇచ్చే సిగ్నల్‌ని కణాలు సరిగ్గా అందుకోవు. దాంతో క్లోమం ఇంకా ఎక్కువ ఇన్సులిన్ వదులుతుంది. రక్తంలో షుగర్ నార్మల్‌గానే కనిపిస్తుంది. కానీ ఆ ఎక్కువైన ఇన్సులిన్ అండాశయాల మీద పడి టెస్టోస్టెరాన్ లాంటి హార్మోన్లను పెంచుతుంది. నెలసరి గాడి తప్పడం, మొటిమలు, గడ్డం మీద వెంట్రుకలు అక్కడి నుంచే మొదలవుతాయి. బరువు తేలిగ్గా పెరుగుతుంది, తగ్గడం కష్టమవుతుంది. పెరిగిన బరువు మళ్లీ సిగ్నల్‌ని ఇంకా వీక్ చేస్తుంది.

సన్నగా ఉన్నవాళ్లకీ పీసీఓఎస్ వస్తుంది. ఇందులో వంశపారంపర్యం పాత్ర కూడా ఉంది. అందుకే ‘లావైపోయి తెచ్చుకున్నావు’ అనే మాటలో న్యాయం లేదు.

ఇప్పుడు అసలు పాయింట్. సమస్య మూలంలో ఉన్న ఇన్సులిన్‌ని ఇంట్లో కూర్చుని కొలిచే గ్యాడ్జెట్ మార్కెట్లో లేదు. మన చేతికి, కాలి కింద ఉన్నవన్నీ చుట్టుపక్కల నంబర్లే.

అనంతపురం హాస్టల్ చెప్పిన సంగతి

కాటా కదలకపోతే లోపల కూడా ఏమీ మారనట్టేనా? దీనికి జవాబు మన రాష్ట్రంలోనే దొరుకుతుంది. బెంగళూరులోని ఎస్-వ్యాస యోగా విశ్వవిద్యాలయ పరిశోధకులు అనంతపురంలోని ఒక రెసిడెన్షియల్ కాలేజీలో 15 నుంచి 18 ఏళ్ల అమ్మాయిలు 460 మందిని పరీక్షించారు. 2011లో ఆ ఫలితాలు అచ్చయ్యాయి. 9.13 శాతం మందిలో, అంటే దాదాపు ప్రతి పదకొండు మందిలో ఒకరికి పీసీఓఎస్ కనిపించింది.

ఆ తర్వాత అదే బృందం పీసీఓఎస్ ఉన్న 90 మంది అమ్మాయిలను రెండు గుంపులు చేసింది. ఒక గుంపుకు రోజూ గంట యోగా, ఇంకో గుంపుకు మామూలు వ్యాయామం, 12 వారాల పాటు. చివరికి చూస్తే రెండు గుంపుల బరువులో చెప్పుకోదగ్గ తేడా లేదు. కానీ యోగా చేసిన వాళ్లలో ఇన్సులిన్ రెసిస్టెన్స్ ఎక్కువగా తగ్గింది. టెస్టోస్టెరాన్ తగ్గింది, నెలసరి కూడా మెరుగైంది. ఈ ఫలితాలు 2012, 2013లలో వచ్చాయి.

తొంభై మందితో చేసిన ఒక్క ట్రయల్‌ని పట్టుకుని యోగాతో పీసీఓఎస్ పోతుందని ఎవరైనా అంటే నమ్మకండి. అయితే ఒక విషయం మాత్రం క్లియర్. కాటా మీద పెద్దగా తేడా కనిపించకపోయినా లోపల సిగ్నల్ మెరుగుపడొచ్చు. ఆ అమ్మాయిలు కాటా మాట మాత్రమే విని నాలుగో వారంలో మానేసి ఉంటే?

స్మార్ట్ కాటా: బరువు ఓకే, మిగతావి అంచనాలు

స్మార్ట్ కాటా బరువును బాగానే చూపిస్తుంది. బాడీ ఫ్యాట్, కండ శాతం, మెటబాలిక్ ఏజ్ లాంటివి మాత్రం లెక్కగట్టినవి. ఒక పాదం నుంచి ఇంకో పాదానికి చిన్న కరెంటు పంపి, ఎంత అడ్డు తగిలిందో చూసి, మీ ఎత్తు, వయసు కలిపి ఫార్ములాలో వేస్తుంది. నీళ్లు తాగినా, చెమట పోసినా, నెలసరి దగ్గరపడినా ఆ లెక్క మారిపోతుంది. పేస్‌మేకర్ ఉన్నవాళ్లు, గర్భిణులు ఈ ఫీచర్ వాడకూడదు.

బరువు కూడా రోజుకో కిలో అటూ ఇటూ ఊగడం మామూలే. రాత్రి గోంగూర పచ్చడి, ఆవకాయ కాస్త గట్టిగా లాగించారంటే ఆ ఉప్పుకి ఒంట్లో నీళ్లు నిలుస్తాయి, పొద్దున కాటా పైకి పోతుంది. అది కొవ్వు కాదు. అందుకే వారానికి ఒక్కసారి, ఒకే టైమ్‌కి ఎక్కండి. నాలుగు వారాల సగటు చూడండి.

ఎక్కువ బరువు ఉన్నవాళ్లకి మొత్తం బరువులో 5 నుంచి 10 శాతం తగ్గినా చాలామందిలో హార్మోన్లు, నెలసరి మెరుగవుతాయి. 70 కిలోలుంటే అది మూడున్నర నుంచి ఏడు కిలోలు. రీల్స్‌లో చూపించే ‘నెలలో పదిహేను కిలోలు’ అవసరమే లేదు.

ఇక బాడీ ఫ్యాట్ నంబర్ కంటే దర్జీ వాడే టేపు నయం. చివరి పక్కటెముకకీ తుంటి ఎముకకీ మధ్యలో, గాలి వదిలాక కొలవండి. మన దేశపు ఆడవాళ్లకి 80 సెంటీమీటర్లు దాటితే జాగ్రత్త పడాలి అంటారు డాక్టర్లు. బీఎంఐ కూడా అంతే, మనవాళ్లకి 23 దాటితేనే అధిక బరువు లెక్క. యాప్‌లు విదేశీ లెక్క ప్రకారం 25 వరకు పచ్చ రంగే చూపిస్తుంటాయి.

స్మార్ట్ వాచ్: నిమిషాలు నమ్మండి, క్యాలరీలు వద్దు

2017లో అమెరికాలోని స్టాన్‌ఫర్డ్ పరిశోధకులు చేతికి కట్టుకునే ఏడు పరికరాలను పరీక్షించారు. గుండె వేగం విషయంలో ఏడింటిలో ఆరు బాగానే పాసయ్యాయి. క్యాలరీల దగ్గర మాత్రం అన్నీ ఫెయిల్. వాటిలో మెరుగైనది కూడా సగటున 27 శాతం తప్పు చెప్పింది, అన్నిటికంటే నాసిది 93 శాతం. ఆ తర్వాత సెన్సార్లు మెరుగుపడ్డాయి. అయినా వాచ్ 400 క్యాలరీలు కరిగాయి అంది కదా అని ఇంకో ప్లేటు పునుగులు తినేయకండి.

పది వేల అడుగుల టార్గెట్ కూడా మెడికల్ రూల్ కాదు. 1965లో జపాన్‌లో అమ్మకానికి వచ్చిన ఒక పెడోమీటర్ పేరులోంచి పుట్టింది. ఇంకో సంగతి, అడుగులు మొత్తం కష్టాన్ని చూపించవు. మిరపకాయలు కోసే చేతికి వాచ్ కట్టి చూడండి. పొద్దంతా వంగి లేచినా అడుగులు కొంచెమే పడతాయి, చేతుల కదలికని మాత్రం కొన్నిసార్లు నడక అనుకుంటుంది.

మరి ఏం చూడాలి? 2023 నాటి అంతర్జాతీయ పీసీఓఎస్ మార్గదర్శకాలు పెద్దవాళ్లకి వారానికి 150 నుంచి 300 నిమిషాల మోస్తరు వ్యాయామం, లేదా 75 నుంచి 150 నిమిషాల గట్టి వ్యాయామం చెబుతున్నాయి. దాంతోపాటు వారానికి రెండు రోజులు కండరాలకు పని. బరువు తగ్గినా తగ్గకపోయినా వ్యాయామం వల్ల లాభం ఉందని కూడా అవి చెబుతున్నాయి. వాచ్‌లో ‘యాక్టివ్ మినిట్స్’ చూస్తే చాలు. మాట్లాడగలిగి, పాట పాడలేనంత వేగంగా నడిస్తే అది మోస్తరు వ్యాయామం. వాచ్ లేకపోయినా ఫోన్‌లో టైమర్ ఉంది.

మన దగ్గర అసలు ఇబ్బంది ఎండ. ఏప్రిల్, మే నెలల్లో ఏడు దాటితే బయట నడవలేం. తెల్లారకముందే కానిచ్చేయండి. లేదంటే ప్రతి భోజనం తర్వాత హాస్టల్ వరండాలో పది నిమిషాలు. గోడకి ఆనుకుని పుషప్స్, కుర్చీలోంచి లేచి కూర్చోవడం, నీళ్ల బాటిళ్లు ఎత్తడం కండరాలకు పనే.

వాచ్‌లో నిద్ర స్టేజీలు కచ్చితం కాదు, కానీ ఎప్పుడు పడుకున్నారో తెలుస్తుంది. పీసీఓఎస్ ఉన్నవాళ్లలో నిద్రలో శ్వాస ఆగే సమస్య ఎక్కువ. గట్టిగా గురక, పగలంతా మత్తు ఉంటే వాచ్‌లో ఆక్సిజన్ నంబర్ బాగున్నా డాక్టర్‌కి చెప్పండి.

పీరియడ్ యాప్: డైరీగా వాడండి, జోస్యం వద్దు

చాలా యాప్‌లు పాత తేదీల సగటు తీసి తర్వాతి తేదీ చెబుతాయి. నెలసరి 33 రోజులకోసారి, తర్వాత 61, ఆ తర్వాత 45 రోజులకి వస్తుంటే ఆ సగటుకి అర్థం లేదు. ఉష్ణోగ్రత కొలిచే వాచ్‌లు కొంచెం నయం. కానీ అవి కూడా అండం విడుదలైన తర్వాతే గుర్తించగలవు. మెడికల్ షాపులో దొరికే ఓవ్యులేషన్ కిట్ పీసీఓఎస్‌లో తప్పుగా పాజిటివ్ చూపించొచ్చు, ఎందుకంటే అది వెతికే ఎల్‌హెచ్ హార్మోన్ వీళ్లలో ముందే ఎక్కువగా ఉండొచ్చు. నెలసరి రావట్లేదు కాబట్టి గర్భం రాదు అనుకోవడం కూడా పొరపాటే.

యాప్‌కి ఉన్న ఒకే ఒక్క గొప్ప ఉపయోగం తేదీలు దాచిపెట్టడం. డాక్టర్ మొదట అడిగేది అదే. అందుకు ఫోన్ క్యాలెండర్ చాలు, గోడ మీది వెంకట్రామ క్యాలెండర్‌లో పెన్సిల్ గుర్తు పెట్టినా చాలు. ప్రైవసీ కోణం కూడా ఉంది. యూజర్ల ఆరోగ్య వివరాలను ఫేస్‌బుక్ లాంటి కంపెనీలకు పంపిందన్న ఆరోపణపై 2021లో ఫ్లో యాప్ అమెరికా ఎఫ్‌టీసీతో సెటిల్‌మెంట్ చేసుకుంది, తప్పు మాత్రం ఒప్పుకోలేదు. ఏ యాప్ వేసినా లొకేషన్, కాంటాక్ట్స్ పర్మిషన్ ఇవ్వకండి.

షుగర్ సెన్సార్ అవసరమా?

చేతికి అంటించుకునే సీజీఎం చర్మం కింది ద్రవంలో గ్లూకోజ్‌ని చూస్తుంది, ఇన్సులిన్‌ని కాదు. పైన చెప్పుకున్నట్టు పీసీఓఎస్‌లో గ్లూకోజ్ ఏళ్ల తరబడి నార్మల్‌గానే ఉండొచ్చు. అంటే వేలు ఖర్చు పెట్టి రెండు వారాలు నార్మల్ గ్రాఫ్ చూసి, నాకేం లేదనుకునే ప్రమాదం ఉంది. డాక్టర్ చెబితే తప్ప వద్దు. ల్యాబ్‌లో 75 గ్రాముల గ్లూకోజ్ తాగించి చేసే టెస్ట్ ఇక్కడ అసలు టెస్ట్.

తిండి: క్యాలరీ యాప్ కంటే కెమెరా బెటర్

2023 మార్గదర్శకాల ప్రకారం ఫలానా డైట్ మాత్రమే పీసీఓఎస్‌కి బెస్ట్ అనడానికి ఆధారం లేదు. కీటో అక్కర్లేదు. కొర్రలు, జొన్న రొట్టె మంచివే, కానీ ఆరు రొట్టెలు తింటే లెక్క మారదు. మూడు పూటలా ఫొటో తీయండి, వారం తర్వాత వరసగా చూడండి. అన్నం కంచంలో ఎంత జాగా తీసుకుంటోందో మీకే అర్థమవుతుంది. అన్నం కొంచెం తగ్గించి, ఆ జాగాలో పప్పు, గుడ్డు, కూర, పెరుగు పెంచండి. హాస్టల్ మెస్‌లో కూడా ఇది కుదురుతుంది.

పీసీఓఎస్‌తో దిగులు, ఆందోళన, తిండి విషయంలో అతి ప్రవర్తన ఎక్కువగా కనిపిస్తాయి. యాప్‌లో స్ట్రీక్ పోతుందని భోజనం మానేస్తున్నా, తిన్నందుకు తప్పు చేసినట్టు అనిపిస్తున్నా ఆ యాప్ తీసేయండి, ఎవరికైనా చెప్పండి.

డాక్టర్ దగ్గరికి ఎప్పుడు?

నెలసరి మొదలై మూడేళ్లు దాటాక కూడా 35 రోజులకు మించి గ్యాప్ వస్తుంటే, ఏడాదికి ఎనిమిది కంటే తక్కువసార్లు వస్తే, లేదా ఏ వయసులోనైనా 90 రోజులు అసలు రాకపోతే వెళ్లాలి. ‘ముందు బరువు తగ్గు, అదే వస్తుంది’ అని ఇంట్లో అన్నా సరే. చాలాకాలం నెలసరి రాకపోతే గర్భసంచి లోపలి పొర మందంగా పెరిగిపోయే ప్రమాదం ఉంది. గుంటూరు జీజీహెచ్‌లో, ఒంగోలు ప్రభుత్వ ఆసుపత్రిలో, మంగళగిరి ఎయిమ్స్‌లో గైనకాలజీ ఓపీ ఉంది. టీనేజర్లకి స్కాన్‌లో నీటి బుడగలు కనిపించాయని మాత్రమే పీసీఓఎస్ ముద్ర వేయకూడదు, ఆ వయసులో అవి మామూలే.

మెట్‌ఫార్మిన్, హార్మోన్ మాత్రలు, 2025లో మన దేశానికి వచ్చిన మౌంజారో, వెగోవీ ఇంజెక్షన్లు... ఇవన్నీ డాక్టర్ నిర్ణయాలు. టెలిగ్రామ్‌లో కొనేవి కావు.

మా వెర్డిక్ట్

కొనక్కర్లేనివి: పీసీఓఎస్ కోసమే అయితే బాడీ ఫ్యాట్ కాటా, సీజీఎం, ప్రీమియం పీరియడ్ యాప్.

ఉంటే వాడండి: వాచ్‌లో యాక్టివ్ మినిట్స్, నిద్ర టైమింగ్స్.

ఇప్పుడే మొదలుపెట్టండి: క్యాలెండర్‌లో నెలసరి తేదీలు, నెలకోసారి నడుము కొలత, వారానికోసారి బరువు, కంచం ఫొటోలు. మూడు నెలలు రాసి, ఆ ఒక్క పేజీ డాక్టర్ ముందు పెట్టండి. ఆ మూడు నెలల్లో నెలసరి రెండుసార్లు టైమ్‌కి వచ్చి కాటా మాత్రం కదల్లేదనుకోండి, మానేయకండి. మీ ప్లాన్ పనిచేస్తూ ఉండొచ్చు.