తవుడుతో పోయిన బలము

బెజవాడయొద్ద కృష్ణకు ఆనకట్ట 1855లో పూర్తియై, కాలువనీరు గుడివాడ, బందరు పొలములకు పాఱ నారంభించిన పిదప ఈ డెల్టాలో వరియే పంట, అన్నమే ఆహారము అయ్యెను. అటుపై మరలు వెలసి, రోకటిపోటును మాన్పించి, కడిగిన ముత్యములవంటి బియ్యమును ఇంటింటికి చేర్చెను. ఆ తెలుపునకు మనము చెల్లించిన మూల్యము తవుడుతోపాటు వెడలిపోయిన బి1 విటమిను, అనగా థయమిన్.

అన్నములోని పిండిపదార్థము జీర్ణమై గ్లూకోజుగాను, కణములలో పైరువిక్ ఆమ్లముగాను పరిణమించిన పిమ్మట, ప్రాణవాయువుతో దహనమై శక్తి నొసగవలయునన్నచో థయమిన్ తోడ్పాటు తప్పనిసరి. అది కొఱవడినయెడల ఆ ఆమ్లము పెడత్రోవపట్టి లాక్టిక్ ఆమ్లమై పేరుకొనును, నరములును గుండెయు దెబ్బతినును; ఇదియే బెరిబెరి వ్యాధి. కావున వ్యయమగు శక్తినిబట్టియే బి1 అవసరమును పెరుగును: వేయి కెలోరీలకు సుమారు 0.5 మిల్లీగ్రాములని శాస్త్రజ్ఞుల లెక్క. మరపట్టిన పచ్చిబియ్యము నూఱు గ్రాములు దాదాపు 345 కెలోరీల నొసగును, వానికి 0.17 మిల్లీగ్రాముల బి1 వలసియుండగా, అందున్నది 0.06 మాత్రమే. పలుమార్లు కడిగి గంజి వార్చినచో ఆ కొలదియు తఱుగును. దంపుడు బియ్యములో 0.21 కలదు, ధాన్యమును ఉడికించి ఆరబెట్టి మరపట్టిన ఉప్పుడు బియ్యములోను, ఉడుకునపుడు విటమిను పైపొరనుండి గింజలోని కింకుటచే, ఇంచుమించు అంతయే నిలుచును. తెల్లబియ్యము మిగిల్చిన ఈ లోటును పప్పో, చేపయో, ఆకుకూరయో పూరింపవలయును.

ఈ లోటు తల్లియందుకంటె ఆమె పాలు త్రాగు బిడ్డయందు ముందుగా బయటపడుట కలదు. ఈ వ్యాధి ఇచట క్రొత్తది కాదు: మద్రాసు సైన్యమున వైద్యుడైన మాల్కంసన్ 1835లోనే, బందరుతో కూడిన ఉత్తర సర్కారులలోని బెరిబెరిని గూర్చి గ్రంథము వ్రాసెను. 1941లో పరిశోధకులు ఎయ్‌క్రాయిడ్, కృష్ణన్ గారలు మద్రాసు రాజధానిలోని బెరిబెరి ప్రాంతపు శిశుమరణములను విచారించి ప్రకటించిరి. తల్లి ఇంటిపనులు చేసికొనుచునే యుండగా, ఆమె యొడిలోని రెండు మూడు నెలల పసికందు కంఠము బొంగురుపోయి, ఆయాసపడి, గుండె క్రుంగి గంటలలోనే మరణించుట శైశవ బెరిబెరి లక్షణము. కాన్పు కాగానే పప్పును, కూరను, చేపను మాన్పించి, బాలింతకు కారపుపొడితో తెల్లన్నమే పెట్టు కఠినపథ్యము ఈ యాపదకు దారితీయును. నెల్లూరున 1886లో మతప్రచారకుల యింట జన్మించిన రసాయన శాస్త్రజ్ఞుడు రాబర్ట్ విలియమ్సు, మనీలాలో తవుడునుండి తీసిన సారముతో ఇట్టి శిశువులు కోలుకొనుట గాంచి, ఏండ్లతరబడి కృషిచేసి 1936లో థయమిన్‌ను రసాయనశాలలో నిర్మించెను.

వ్యయమగు శక్తినిబట్టి బి1 అవసరము పెరుగునను సూత్రము కబడ్డీ ఆటగానికిని వర్తించును. సాధన పెరిగినకొలది దహించు పిండిపదార్థము పెరుగును. ఆకలి తీర్చుకొనుటకు తెల్లన్నమునే అధికముగా భుజించినచో బి1 లోటును దానితోపాటు పెరిగి, కండ త్వరగా అలసిపోవును. అట్లని గర్భిణికి వ్యాయామము నిషిద్ధము కాదు: వైద్యులు వలదనని గర్భిణులు వారమునకు 150 నిమిషములైనను మితవ్యాయామము చేయవలయునని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో సూచించెను. ఐతే దినమంతయు నడుము వంచి నాట్లు వేయుట మితవ్యాయామము కాదు. పుణె ప్రాంతపు పల్లెలలో జరిగిన పరిశోధనయందు అధికశ్రమ చేసిన గర్భిణుల శిశువులు తక్కువ బరువుతో పుట్టుట కానవచ్చినది.

తల్లికి పెట్టిన తిండి బిడ్డకు ఎంతకాలము తోడుండునో హైదరాబాదు పరిసర గ్రామములు చూపినవి. అచట 1987-90 మధ్య గర్భిణులకును పసిబిడ్డలకును మొక్కజొన్న, సోయాలతో చేసిన ఉప్మా పెట్టిన ఊళ్లలోని పిల్లలు, 13-18 ఏండ్ల ప్రాయమున, పెట్టని ఊళ్లవారికంటె సగటున 14 మిల్లీమీటర్లు పొడవరులైరి. వారి ధమనులు మృదుతరముగాను, ఇన్సులిన్ పనితీరు మెఱుగుగాను ఉండెను.

కావున డెల్టా గృహస్థులారా, అన్నమును మానవలదు, దానికి తోడు నీయుడు. బియ్యమును అతిగా పాలిషు పట్టింపకుడు, గంజిని పాఱబోయకుడు, చూలింతను నడువనిండు, బాలింత విస్తరినుండి పప్పును, కూరను, చేపను తొలగింపకుడు.